ఐదో దిండు

చిలకలూరిపేట,
12 ఫిబ్రవరి 1961.

పర్చూరులోని మాలకొండయ్య అన్నయ్యగారికి చెల్లెలు జానీబీ నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టాలి గనుక పెట్టాను. క్షేమంగా లేమన్నయ్యా.

నిరుడు మీ బావ మీతో ఎందుకు తగవు పడ్డారో ఇప్పుడు తెలిసింది. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేవారు. దిండు అణిగిపోయిందనీ, మీరిచ్చిన దూదిలో పాతది కలిసిందనీ బజారులో పదిమంది ముందు అనేశారు. దూదేకే మనిషి గదా, ఏ రోగమొచ్చినా దూదిలోనే వెతుకుతారు. ఆ దిండు విప్పి ఏకారు, ఎండబెట్టి మళ్లీ ఏకారు. దానిమీద రెండోది, మూడోది, నాలుగోది. ఊళ్లో పెళ్లి పరుపులన్నీ కుట్టిన మనిషికి నిద్ర కరువైంది.

పోయిన నెల గుంటూరు తీసుకెళ్లాను. డాక్టరుగారు వాచిన పాదాలు నొక్కి చూసి, గుండె బలహీనపడింది, పడుకుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది, కూర్చునే నిద్రపోవాలి అన్నారు. బస్సు దిగాక మీ బావ, “మాలకొండయ్య దూది మంచిదేనే” అన్నారు. ఆ మాటేదో మీకే చెప్పమంటే మొహం చెల్లదంటారు.

ఐదో దిండు దొరికాక కాస్త నిద్ర పడుతోంది. అది అణగదు, ఏకనక్కర్లేదు. పగలైనా సరే, కూర్చున్నచోటే కునుకు. కలలు కూడాను. కలలో మీ పత్తిబండి మీద వెల్లకిలా పడుకుని పోతుంటారట. కింద పత్తి వెచ్చగా ఉంటుందట, పైన ఆకాశమంతా ఏకిన దూదేనట. ముందు కూర్చుని మీరు ఎడ్లను తోలుతుంటారట. దారికి రెండు పక్కలా మిరపకాయలు ఆరబోసి ఉన్నా ఘాటు తగలదట, గుండెనిండా గాలి ఆడుతుందట. ఊరు మాత్రం ఎప్పటికీ రాదట. లేచాక, బండి దిగబుద్ధి కాలేదే అంటారు. నాకు భయమేస్తోంది అన్నయ్యా, ఆ బండి ఆయన్ని అలాగే తీసుకుపోతుందేమోనని.

పత్తితీత అయ్యేదాకా ఆగకండి. కోపముంటే వచ్చి నన్ను తిట్టండి. వదినగారిని అడిగానని చెప్పండి.

మీ రాకకు ఎదురుచూసే చెల్లెలు,
జానీబీ

తా.క. అక్షరాలు వంకర పోయాయని నవ్వుకోకండి. ఐదో దిండు నా వీపే. ఇప్పుడూ దానికే ఆనుకుని నిద్రపోతున్నారు, ఊపిరి తీసినప్పుడల్లా నా చెయ్యి కదులుతోంది. గుంటూరు నుంచి వచ్చాక నేను నడుం వాల్చింది లేదు. మీరొచ్చి ఒక్క పూట ఆయన వెనక కూర్చోండి. ఇద్దరూ మాట్లాడుకోకపోయినా పర్లేదు. నేను కాసేపు పడుకుంటాను.