7,39,39,133

బుధవారం, గోరంట్ల

నలభై ఏళ్ల వయసులో పదో తరగతి కట్టిన రమీజా, చదువు మానేస్తానని చెప్పడానికి వచ్చింది. నేను బోర్డు మీద 7,39,39,133 రాశాను. ఒకటీ, తనూ తప్ప మరేదీ భాగించలేని ప్రధాన సంఖ్య అది. చివరి నుంచి ఒక్కో అంకె చెరుపుతూ పోయాను. ఏడు మిగిలేదాకా ప్రతిదీ ప్రధాన సంఖ్యే.

ఆమె కాసేపు కళ్లు తిప్పుకోలేదు.

"ఎనక ఇంగో అంకె చేరిస్తే ఏమైతాది సార్?"

ఇన్నేళ్లలో నన్నెవరూ అడగని ప్రశ్న. "ఏది చేర్చినా చెడిపోతాదమ్మా," అన్నాను.

"అట్లెందుకు?" అంటూ సుద్దముక్క అందుకుంది. సరిసంఖ్యలూ, ఐదూ కొట్టేసింది. ఒకటి చేర్చినా, ఏడు చేర్చినా మూడుతో భాగం పోతుందని తనే పట్టుకుంది.

"మూడు, తొమ్మిది ఇంటికాడ చూస్తా సార్," అని వెళ్లింది.

ఆ రెండూ కుదరవని పుస్తకంలో చదివి నమ్మానే గానీ, నేనెప్పుడూ చేసి చూడలేదు...