మద్దిలేటికి కొట్టిన వన్స్‌మోర్

శనివారం, రాత్రి

మంచి పని చేయబోయినా నా మొహానికి అచ్చిరాదు. నాటకాలు తగ్గి, కూలికి పోతూ విసిగిపోయిన మద్దిలేటి ఈ ఆలూరు నాటకమే ఆఖరన్నాడు. వాడికి ధైర్యం రావాలని, పద్యం ముగియగానే వన్స్‌మోర్ అని నేనే ముందు అరిచాను. అదే తప్పైంది. ఇన్నేళ్లూ ఎవడి గొంతు జీరబోయినా వెక్కిరించడానికి వన్స్‌మోర్ కొట్టింది నేనే కదా. జనం పకపకా నవ్వారు. వాడు రాజు వేషంలోనే స్టేజీ దిగిపోయాడు.

స్టేజీ వెనక్కి పోతే, కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటున్నాడు.

"నిజంగానే శానా బాగా పాడినావురా," అన్నాను.

"నువ్వు నిజం చెప్పింది యాడన్నా ఉండాదా అప్పా? రేపే ఈ కిరీటం, నగలు ఎవరికన్నా ఇచ్చేస్తా. నవ్వుకున్నది చాలు."

ఆ పద్యానికి నా ఒళ్లు జలదరించిందని ఎలా చెప్పాలి? ఇలాంటి మాటలు నా నోటికి అలవాటు లేవు. వాడు మొహం కడుక్కోను పోగానే కిరీటాన్ని టవల్లో చుట్టి ఇంటికి తెచ్చేశాను. పొద్దున్నే తిట్టుకుంటూ వస్తాడు, రానీ. ఇంకో ఊళ్లో వేషం ఒప్పుకుంటేనే ఇస్తాను.

అసలు దానికోసం రానే రాకపోతే...