మంచినీళ్లకు ఎవరూ లేవని సినిమా

చిట్టితల్లీ,

క్షేమం, మోకాలు కూడా మాట వింటోంది. పిల్లల చిత్రోత్సవం కోసం దేశదేశాల సినిమాలు నలభై ఒకటి చూసి పదికి మార్కులు వేశాను. ఒకదానికి మూడే వేశాను. అందులో పదకొండు నిమిషాలూ ఒక పిల్ల బస్టాపులో అమ్మమ్మ కోసం ఎదురుచూడటమే. నిన్న దాన్ని ముప్ఫైమంది పిల్లలకు వేసి చూపించారు. మధ్యలో మంచినీళ్లకు ఎందరు లేస్తారో రాసుకోవడం నా పని. ఒక్కరూ లేవలేదు. దీపాలు వెలగగానే ఒక గడుగ్గాయి నా మీదికి వచ్చింది: "బస్సింకా రాలేదుగా, అప్పుడే ఆపేశారేంటి అమ్మమ్మగారూ?"

వేసిన మార్కు మొదటిసారి దిద్దాను. తొమ్మిది.

ఆ సినిమా ఆదివారం వేస్తారు, నేనుండాలి. కనుక శుక్రవారం బస్టాపుకు రావద్దు. పదమూడో ఎక్కం వచ్చిందా? అమ్మను నా మంచం ఎండలో వేయమను. సోమవారం పదింటి బస్సుకు రా. తప్పక దిగుతాను.

ఆశీస్సులతో,
అమ్మమ్మ