లాగని కారు

మార్చి 4

కారుకి టర్బో పెట్టించాలని నిర్ణయించాను.

బావమరిదికి చెప్పాను. వాడిది లేత్ వర్క్‌షాప్. ఈ కారు కొన్నప్పటి నుంచి చిన్నాచితకా రిపేర్లన్నీ వాడే చూశాడు. ఇప్పుడెందుకు బావా అన్నాడు.

ఎందుకో వాడికి తెలియదా? ఆ మధ్యాహ్నం వాళ్ళక్క గుండె పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోతే, ఆంబులెన్స్ కోసం ఆగకుండా నేనే ఈ కార్లో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. యాక్సిలరేటర్ నేలకి అదిమి పట్టాను. కారు లాగలేదు. కూరగాయల వ్యాను కూడా మమ్మల్ని దాటిపోయింది. డ్యూటీ డాక్టర్ చేతులు తుడుచుకుంటూ, కాస్త ముందు తెచ్చుంటే బాగుండేదండీ అన్నాడు.

పేరుకి స్పోర్ట్స్ కారు.

మార్చి 7

గ్యారేజీకి వెళ్ళాను. ఓనర్ని అందరూ పిస్టన్ అంటారు. ఒక్కచోట నిలబడడు. బానెట్ ఎత్తి, ఇంజన్ వయసెంత సార్ అన్నాడు. చెప్పాను. మీ వయసెంత అన్నాడు. అదీ చెప్పాను. అయితే టర్బో ఇద్దరిలో ఎవరికి అన్నాడు. అతని పనివాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు.

ఎగ్జాస్ట్ మారిస్తే చప్పుడు కొండంత, పవర్ గోరంత అట. కామ్‌షాఫ్ట్ మారిస్తే హైవే మీద బాగుంటుంది కానీ సిగ్నల్ దగ్గర జ్వరం వచ్చినట్టు వణుకుతుందట. టర్బో అంటే పిస్టన్లు, క్లచ్, రేడియేటర్ అన్నీ మార్చాల్సిందే, లేకపోతే ఇంజన్ ముక్కలై చేతికొస్తుందట.

అన్నీ మార్చమన్నాను.

ముందు డైనో మీద, అంటే ఇంజన్ బలం కొలిచే రోలర్ల మీద, పరిగెత్తించి చూస్తానన్నాడు. ఉన్న బలమెంతో తెలియకుండా కొత్త బలం ఏ లెక్కన కలుపుతాం సార్ అన్నాడు.

మార్చి 8

బావమరిది పొద్దుట్నుంచీ ఫోన్లు. కామ్ మారిస్తే చాలు బావా అని ఒకసారి. డైనో దండగ బావా అని ఒకసారి. అసలు అమ్మేద్దాం బావా అని ఇంకోసారి. వాడికేం పట్టింది? వాడి పక్కసీట్లో ఎవరూ పోలేదు.

మార్చి 11

నాలుగు సిలిండర్లూ చూశారు. ఇంజన్ గుండ్రాయిలా ఉందట. ఆ మాట విని ఒళ్ళు మండింది.

మార్చి 13, సాయంత్రం 5

గ్యారేజీ నుంచి ఇప్పుడే వచ్చాను. రాయాలి.

కారుని రోలర్ల మీద బెల్టులతో కట్టేశారు. బావమరిది పిలవకుండానే వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఇంజన్ అరిచింది, చక్రాలు తిరిగాయి, తెర మీద గీత కాస్త పైకి లేచి అక్కడే చతికిలబడింది. ఇంత మంచి ఇంజన్ ఇలా ఏడవడమేంటని పిస్టన్ తల గోక్కున్నాడు. ఇంజన్ ఆపించి, నన్ను సీట్లో కూర్చోబెట్టి, తను బానెట్ కింద దూరాడు. నొక్కండి అన్నాడు. నొక్కాను. పూర్తిగా నొక్కండి సార్, అదేం పసిపిల్ల కాదు అన్నాడు. నేలకి తగిలిందయ్యా అన్నాను. ఇక్కడ ఇంజన్‌కి గాలి వదిలే థ్రాటిల్ సగమే తెరుచుకుంటోంది అన్నాడు.

వచ్చి కార్పెట్ లాగాడు. పెడల్ వెనక బొటనవేలంత బోల్టు. పెడల్ దానికి తగిలి ఆగిపోతోంది. కాలికి తెలియకుండా పైన రబ్బరు టోపీ కూడా తొడిగారు.

కంపెనీది కాదు సార్, ఎవరో చేయి తిరిగినవాడు లేత్ మీద తీశాడు, ఎంత ముచ్చటగా ఉందో చూడండి అని మెచ్చుకున్నాడు పిస్టన్.

గోడ దగ్గర ఎవరూ లేరు.

మార్చి 14

వర్క్‌షాప్‌కి వెళ్ళి వాణ్ణి అందరి ముందూ చెడామడా తిట్టాను. మెషిన్లు ఆపేశారు.

అక్క చెప్పింది బావా అన్నాడు. ఏళ్ళ కిందటి మాటట. మీ బావకి యాక్సిలరేటర్ మీద కాలు ఆగదురా, ఎప్పుడొచ్చినా సరే, మనిషి ఇంటికొస్తే చాలు అందట. నాకు చెప్పనని ఒట్టు వేయించుకుందట. అది పెట్టిన సంగతే మర్చిపోయానని, ఆస్పత్రి వరండాలో గుర్తొచ్చిందని, అప్పటి నుంచి అన్నం సయించడం లేదని చెప్పాడు.

చెయ్యి ఎత్తాను. కొట్టండి బావా అన్నాడు. అచ్చం ఆమె ముక్కే వీడికి.

దించేశాను. నా గుమ్మం తొక్కొద్దన్నాను.

మార్చి 15

లాగడం లేదని నేను విసుక్కున్నప్పుడల్లా, పాతదైంది పాపం, దాన్నేమీ అనకండి అనేది. ముఖంలో నవ్వు ఛాయ కూడా ఉండేది కాదు. నేను మాత్రం ప్లగ్గులు మార్చాను, ఫిల్టర్లు మార్చాను, పెట్రోల్ బంకులు కూడా మార్చాను.

ఆ మధ్యాహ్నం నేను స్టీరింగ్ మీద గుద్దుతూ కారుని నోటికొచ్చినట్టు తిట్టాను. పక్కనే ఉంది. ఆమెకి గుర్తుందా? గుర్తుండీ ఊరుకుందా? నా మణికట్టు పట్టుకుని మెల్లగా పోనివ్వండి అంది. అంతే.

నన్ను కాపాడుకుంది. అలా కాపాడమని ఎవరడిగారు?

పోయినవాళ్ళని తిట్టకూడదంటారు. వంటింట్లో నిలబడి, పేరు పెట్టి, గొంతు పోయేదాకా తిట్టాను. పక్కింటావిడ తలుపు తట్టి, ఏమైందన్నయ్యా అని అడిగింది. టీవీ అన్నాను.

మార్చి 17

బోల్టు పీకేశామని పిస్టన్ ఫోన్ చేశాడు. ఇప్పుడిక ఎగురుతుంది సార్, టర్బో గిర్బో ఎందుకన్నాడు. సరే, టర్బో వద్దన్నాను.

మార్చి 19, మధ్యాహ్నం

అదే దారి. పెడల్ నేలకి తగిలింది. ఎవరూ మమ్మల్ని దాటలేదు.

క్యాజువాలిటీ ముందు ఆపాను. ఆ బ్రేక్ చప్పుడుకి ఇద్దరు స్ట్రెచర్ తోసుకుంటూ పరిగెత్తుకొచ్చారు. పక్క తలుపు తీశారు. పేషెంట్ ఏరండీ అని అడిగారు.