శనివారం మాత్ర

జెర్సీ సిటీ,
గురువారం.

పద్మక్కకు చెల్లెలు సునీత నమస్కారాలు.

నువ్వు, బావగారు, మీ అత్తయ్యగారు కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. అత్తయ్యగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బుజ్జిగాడికి పళ్ళు వచ్చాయా? ఇక్కడ అమ్మ, నాన్న బాగానే ఉన్నారు. చలి మొదలైంది. అమ్మ నీ పెళ్ళిలో తనకు పెట్టిన శాలువా కప్పుకుని, దాని మీద కోటు వేసుకుని డ్యూటీకి వెళ్తోంది. నేనూ క్షేమమేనని రాయాలి కదా, రాశాను. నమ్మకు.

ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని నవ్వుకుంటావేమో. ఫోన్ కార్డు గీకి నంబర్లు నొక్కేలోపే అమ్మ వచ్చి పక్కన కూర్చుంటుంది. ఇది అమ్మ ముందు చెప్పలేని సంగతి. పైగా నువ్వు కాకినాడ ఆసుపత్రిలో ఎనిమిదేళ్ళుగా నర్సువి. నన్ను తిట్టే అర్హత నీకే ఉంది.

నేను కాలేజీలో హిస్టరీ మెయిన్‌గా తీసుకున్నానని నీకు తెలుసు. డాక్టరు అవుతానని అమెరికా వచ్చి హిస్టరీ ఏమిటని అమ్మ ఏడాదిగా సాధిస్తోంది. మన దగ్గర సీటు రానివాళ్ళు చదివే గ్రూపు కదా. "రాజుల పేర్లు చెప్పి నాడి పడతావా?" అంటుంది. ఇక్కడ డిగ్రీలో ఏ సబ్జెక్టు చదివినా మెడికల్ కాలేజీకి అప్లై చెయ్యొచ్చు, సైన్సు పేపర్లు కొన్ని పాసయితే చాలు అని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. తీరా కెమిస్ట్రీలో నాకు అత్తెసరు మార్కులొచ్చాయి. అమ్మకు అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? మెయిన్ మార్చుకుని బయాలజీలో చేరే ఫారం తెచ్చి బల్ల మీద పెట్టాను. రేపే ఆఖరు తేదీ.

అసలు నాకు హిస్టరీ మీద మనసు పోయింది జబ్బుల వల్లే. వెనకటి రోజుల్లో రోగులు తమ బాధ గురించి ఇంటికి రాసుకున్న ఉత్తరాలు మా ప్రొఫెసర్ చదివిస్తుంది. అరవై ఏళ్ళ తెల్లావిడ, పొట్టిగా ఉంటుంది, గట్టిగా మాట్లాడుతుంది. డాక్టరు అయ్యేవాళ్ళు ముందు మనిషి మాట వినడం నేర్చుకోవాలంటుంది. ఈసారి ఒక రోగి దగ్గర కూర్చుని, లేచింది మొదలు పడుకునేదాకా ఒక రోజు ఎలా గడిచిందో చెప్పించుకుని వ్యాసం రాయమంది. మధ్యలో అడ్డుపడకూడదట.

ఆదివారాలు నేను ఒక ఆసుపత్రిలో వాలంటీరుగా వెళ్తున్నాను. దుప్పట్లు అందించడం, నీళ్ళ గ్లాసులు నింపడం, అంతే పని. మూడు వారాలు కావస్తోంది, అక్కడ సీతారత్నం మామ్మగారు కనబడ్డారు. తణుకు ఆవిడ. ఏడేళ్ళుగా కూతురు మాధవి ఆంటీ దగ్గర ఉంటున్నారు. ముందురోజు శనివారం ఇంట్లో కళ్ళు తిరిగి పడిపోయారట. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన ఆంటీ కంగారుపడి గ్లాసుడు కాఫీలో పంచదార గుమ్మరించి తాగించి, అంబులెన్సు పిలిచింది. ఆసుపత్రికి వచ్చేసరికి షుగరు సరిగ్గానే ఉంది. గుండెకీ తలకీ పరీక్షలు చేశారు. ఏమీ తేలలేదు.

నేను తెలుగులో పలకరించేసరికి ఆవిడ లేచి కూర్చున్నారు. పక్కన కూర్చుని, నిన్న ఎలా గడిచింది మామ్మగారూ అని అడిగాను.

"తెల్లారకుండా లేచి తలస్నానం చేసి దీపం పెట్టుకున్నానమ్మా. మాత్ర వేసుకున్నాను. షుగరు మాత్ర ఒక్కరోజు కూడా మానొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు, నేను మానను. మా అమ్మాయి సెలవైనా పనుందని ఆఫీసుకెళ్ళింది. బట్టలు మడతెట్టాను..."

"మరేం తిన్నారు?"

"శనివారం కదే, ఒక్కపొద్దు. సాయంత్రం దీపం పెట్టాకే ఇంత అన్నం."

అక్కా, నువ్వయితే అక్కడే మంచం మీంచి ఎగిరి లేచేదానివి. మన ఊళ్ళో ఎవరు ఎదురైనా తిన్నావా అనే అడుగుతాం. అంత పెద్ద ఆసుపత్రిలో ఆ ముక్క అడగడం ఎవరికీ తోచలేదు. నాకు తోచింది. పొద్దున మాత్ర వేసుకుని సాయంత్రం దాకా పస్తుంటే షుగరు పడిపోతుందని నాకు తెలుసు. నర్సు కూతుర్ని, నర్సు చెల్లెల్ని, ఆమాత్రం తెలియదా?

ఆవిడ గొంతు తగ్గించి మిగతాది చెప్పారు. మాధవి ఆంటీకి రెండుసార్లు కడుపు పోయింది. ఇప్పుడు ఆరో నెల. బిడ్డ నిలవాలని మామ్మగారు పదకొండు శనివారాలు ఒక్కపొద్దుంటానని వెంకన్నకు మొక్కుకున్నారు. అప్పటికి నాలుగు అయ్యాయి. ఆంటీకి తెలిస్తే మాన్పించేస్తుంది. "మధ్యలో మానితే దానికేమైనా అయితే నేను బతకలేనే. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అని అరచెయ్యి చాపారు.

నేను చెయ్యి వేశాను.

మర్నాడు ఆవిడ ఇంటికి వెళ్ళిపోయారు. నేను రెండు రోజులు కూర్చుని, పేర్లు మార్చి వ్యాసం రాశాను. ఆ తలస్నానం, దీపం, మడతపెట్టిన బట్టలు, ఖాళీ కడుపు, అన్నీ రాశాను. బాగా రాశాను, అదే నా ఏడుపు. ఆ శనివారమే మామ్మగారు బాత్‌రూమ్‌లో మళ్ళీ పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆదివారం నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి నొప్పికి మూలుగుతున్నారు. కాలు జారిందనుకుంటున్నారు అందరూ. నన్ను చూసి నా చెయ్యి పట్టుకుని ఒక్కసారి నొక్కారు. చెప్పకు అని. నేను అప్పుడు కూడా చెప్పలేదు.

బుధవారం వ్యాసానికి ఎ గ్రేడు వచ్చింది. నీకు వినడం తెలుసు, మెడికల్ కాలేజీ అప్లికేషన్‌లో ఈ వ్యాసం సంగతి తప్పకుండా రాయి, అని ప్రొఫెసర్ కింద ఎర్ర సిరాతో రాసింది. దాన్ని సంచిలో అడుగున పెట్టాను. మళ్ళీ పైకి తీయలేదు.

ఆపరేషన్ అయ్యాక మామ్మగారిని మొన్న సోమవారం, మళ్ళీ నడిచేదాకా పెద్దవాళ్ళను ఉంచి చూసుకునే నర్సింగ్‌హోమ్‌కి మార్చారు. ఏ నర్సింగ్‌హోమో తెలుసా? అమ్మ పనిచేసేది. అమ్మ ఇంటికొచ్చి, "తణుకు ఆవిడొచ్చిందే, తెలుగు మాట వినగానే ఎంత మురిసిపోయిందో పాపం" అంది. నేను కంచం పక్కకు జరిపేశాను. ఎల్లుండి శనివారం. అమ్మకు పగలు డ్యూటీ. మాధవి ఆంటీ డబ్బాలో పంపిన అన్నం మామ్మగారు తిన్నానని చెప్పి సాయంత్రానికి దాచుకుంటారు. పొద్దున్నే మాత్ర మాత్రం వేసుకుంటారు. ఆ మాత్ర ఆవిడ చేతిలో పెట్టేది మన అమ్మే అక్కా.

ఏం చెయ్యమంటావు? చెబితే ఒట్టు తప్పిన పాపం. రేపు బిడ్డకు ఏదైనా జరిగితే ఆవిడ నన్నే తలుచుకుని ఏడుస్తారు. నేను దేవుణ్ణి ఆట్టే నమ్మను కానీ దీనికి భయపడుతున్నాను. చెప్పకపోతే ఆవిడ మళ్ళీ పడితే? నిన్ను అడుగుదామనే ఇదంతా రాస్తున్నాను. ఇది నీకు చేరడానికి పది రోజులు. నీ జవాబు రావడానికి ఇంకో పది. ఈలోపు ఎన్ని శనివారాలో లెక్కపెట్టుకున్నాను.

నువ్వేమంటావో నాకు తెలుసు. అమ్మ వంటింట్లో ఉంది. వెళ్తున్నాను.

ఆదివారం.

చెప్పేశాను అక్కా.

అమ్మ చపాతీ పిండి కలుపుతోంది. నేను చెబుతుంటే చేతులు ఆగిపోయాయి. "నీకెప్పటి నుంచి తెలుసు?" అంది. మూడు వారాలన్నాను. "ఆవిడ పడకముందేనా?" అంది. పడకముందేనన్నాను. అరవలేదు. అరిస్తే బాగుండేది. చేతులు కడుక్కుని నర్సింగ్‌హోమ్‌కి ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ పెట్టేసి నా వైపు చూడకుండానే అంది: "మొక్కు మానమని ఎవరన్నారే? శనివారం మాత్ర సాయంత్రం అన్నంతో వేసుకోవచ్చా అని డాక్టర్ని అడిగితే సరిపోయేది. రెండు నిమిషాల పని."

రెండు నిమిషాలు. మూడు రోజులుగా నా చెవిలో అదే మోగుతోంది.

శుక్రవారం పొద్దున డాక్టరు అలాగే మార్చి రాశాడు. ఆ తర్వాత అమ్మ నన్ను మాధవి ఆంటీ దగ్గరకు తీసుకెళ్ళింది. నువ్వే చెప్పు అంది. మామ్మగారి మంచం పక్కనే నిలబడి అంతా చెప్పాను. వ్యాసం సంగతి, గ్రేడు సంగతి కూడా. ఆంటీ పొట్ట మీద చెయ్యి వేసుకుని విన్నది.

"మా అమ్మ ఇక తన కాళ్ళ మీద నడుస్తుందో లేదో తెలీదు. నీకు ఎ వచ్చిందా?" అంది.

మామ్మగారు "ఒట్టేశావు కదే" అని ఒక్కమాట అని గోడవైపు తిరిగిపోయారు. బయటికొచ్చేసరికి కాలేజీ ఆఫీసు మూసేశారు. ఫారం సంచిలోనే ఉండిపోయింది. నేనేదో ధైర్యంగా హిస్టరీలో నిలబడ్డానని అనుకోకు. ఆ ధ్యాసే లేదు. అమ్మ కూడా అడగలేదు.

నిన్న శనివారం. వెళ్ళకుండా ఉండలేకపోయాను. రావద్దని అంటారేమోనని గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాను. అమ్మ కుర్చీ జరిపి, "కూర్చో. ఏ రెండు గంటలకో చెమట పడితే, చేతులు వణికితే నన్ను పిలు" అని వెళ్ళిపోయింది. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా కూర్చున్నాను. మామ్మగారు ఇటు తిరగలేదు, పలకలేదు. అడ్డుపడకుండా వినడం నేర్చుకున్నానని మురిసిపోయానే, నిన్న వినడానికి ఒక్క మాట కూడా దొరకలేదు. ఆవిడ మెడ వెనక చెమట పడుతుందేమో చూస్తూ కూర్చున్నాను. పట్టలేదు.

చీకటి పడ్డాక అమ్మ వచ్చి మంచం తల ఎత్తింది. ఇక్కడ అగ్గిపుల్ల గియ్యనివ్వరు కదా, బ్యాటరీ దీపం వెలిగించి పెట్టింది. మామ్మగారు దణ్ణం పెట్టుకున్నారు. అమ్మ మాత్ర ఇచ్చింది, వేసుకున్నారు. డబ్బా మూత తీసి, పప్పన్నం కలుపుకుంటూ, నా వైపు చూడకుండానే అడిగారు.

"నువ్వు తిన్నావా?"

తిన్నానన్నాను. పొద్దుటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

ఆవిడ నమ్మలేదు. మూతలో రెండు ముద్దలు పెట్టి నా వైపు జరిపారు. నేను తిన్నాను అక్కా. ఏడుస్తూనే తిన్నాను.

ఇంకా నాలుగు శనివారాలున్నాయి. వెళ్తాను. ఆ వ్యాసం ఈ కవర్లోనే పెడుతున్నాను. అప్లికేషన్‌లో దాని సంగతి రాయను. ఇది నా దగ్గర ఉంటే నిద్ర పట్టదు, చింపడానికి చేతులు రావడం లేదు. నీ పెట్టెలో ఎక్కడైనా పడెయ్యి. మీ వీధి చివర వెంకన్న గుడిలో మామ్మగారి పేరున, మాధవి ఆంటీ పేరున ఒక దీపం పెట్టు. వాళ్ళ గోత్రం నాకు తెలియదు, అడిగే మొహం లేదు.

ఈ దేశం రావాల్సింది నువ్వు. ఇరవై ఒక్క ఏళ్ళు దాటితే అమ్మానాన్నలతో రానివ్వరని నీ వీసా కాగితం ఒక్కటీ ఆపేశారు, నన్ను పంపించారు. నీ బదులు వచ్చినదాన్ని ఇలా చేశాను. ఎనిమిదేళ్ళలో నీ చేతుల్లో కూడా ఎప్పుడైనా ఇలా జరిగిందా? జరిగితే, మర్నాడు డ్యూటీకి ఎలా వెళ్ళావు? మిగతా కబుర్లేవీ రాయకపోయినా ఫర్వాలేదు. అది ఒక్కటి రాయి.

అత్తయ్యగారికి, బావగారికి నా నమస్కారాలు చెప్పు. బుజ్జిగాడికి ముద్దులు. నీ దీవెన కోసం చూస్తూ,

నీ చెల్లెలు
సునీత