చల్లబడిన ఒళ్ళు

నల్లమాడ,
14-5-1988

చిరంజీవి అరుంధతికి అవ్వ దీవెనలు. ఈడ వానలూ నా మోకాళ్ళూ రెండూ పనిచేయడం లేదు. తక్కినదంతా క్షేమం.

నీ జాబు రెండుసార్లు చదివినా. పుండులో దూరిన క్రిములకంటే, వాటిని తరమడానికి మన ఒళ్ళే రక్తంలోకి వదిలే పదార్థాలు మితిమీరి మనిషిని చంపుతాయని రాసినావు. బీపీ పడిపోయి, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు ఒకదాని వెనుక ఒకటి చేతులెత్తేస్తాయంటివి. అర్థమైంది తల్లీ. దొంగ ఒకడు దూరితే ఊరంతా కట్టెలెత్తుకొని వచ్చి ఇంటినే కూల్చినట్టు. మన ఊరి పంచాయితీలు చూసినదాన్ని, నాకిది కొత్త కాదు.

మీ తాత గుర్తుకొచ్చినాడు. తొమ్మిదేండ్ల కిందట శెనక్కాయ చేన్లో గుంటక ఇనుము కాలికి దిగి, పుండు చీముపట్టి, మూడు దినాలు జ్వరంతో కాలిపోయినాడు. నాలుగో పొద్దు ఒళ్ళు చల్లబడింది. జ్వరం విడిచిందని పథ్యానికి చారు కాచినా. ఆ చల్లదనమే చెడ్డ గుర్తని ఇప్పుడు నువ్వు రాస్తివి. ఆ చారు సాయంత్రం నేనే పారబోసినా.

ఇక అసలు సంగతి. బాడుగ జీపు కుళ్ళాయప్ప నీకు గిట్టడు. మీ తాత పోయిన పొద్దు పిలిచినా జీపు తేలేదని, అప్పటినుంచి వాని మొహం చూడవు. ఈ పొద్దు తెల్లారి వాని పెండ్లాం బయమ్మ నవ్వుకుంటా వచ్చింది. కాలిపుండు జ్వరం విడిచి ఆయన ఒళ్ళు చల్లబడింది, పథ్యం ఏం పెట్టాలవ్వా అని అడిగింది. ఊతకర్ర కూడా మరచి పరుగెత్తినా. చేతులు మంచు, ఊపిరి దౌడు, మాట తడబాటు. నిన్నటినుంచి మూత్రమే రాలేదంట. పథ్యం కాదు, జీపు తీయండి అని అరిచినా. ఏమవ్వా, జ్వరం పోయినాక ఆస్పత్రెందుకు అన్నాడు. నోరు మూసుకొని ఎక్కరా, నీ జీపే కదా, బాడుగ ఎవరడుగుతారు అన్నా.

మీ ఆస్పత్రికే పంపుతాండా, జీపు వాని కొడుకు తోలుతాడు. జీపుకు డీజిలు పోసేలోపు ఈ జాబు రాసి బయమ్మ చేతికిస్తా. దీనికి సరైన మందు ఇంకా కనిపెట్టలేదంటివి. ఉన్నదే తొందరగా ఎక్కించు. వేరే డాక్టరుకు అప్పజెప్పి పక్కకు పోవద్దు.

అలసిపోయిన మీ అవ్వ,
యశోదమ్మ

తా.క.: ఆ పొద్దు కుళ్ళాయప్ప జీపు మన వాకిట్లోకి వచ్చింది. జ్వరం విడిచింది పోరా అని నేనే వెనక్కి పంపినా. నువ్వు కాలేజీ నుంచి వచ్చి ఏడుస్తా అడిగితే, జీపు రాలేదని చెప్పినా. వాడు పక్కనే నిలబడి విన్నాడు. తొమ్మిదేండ్లుగా ఎవరికీ చెప్పలేదు. నా మీద కోపం తర్వాత తీర్చుకో. ముందు వానికి సెలైన్ పెట్టు.