హాలంతా విన్న నా అరుపు

నాన్నా,

నేను క్షేమమే. ఫోన్ చేస్తే మళ్ళీ నోరు జారుతానని కార్డు రాస్తున్నాను.

ఈ వారమంతా మా హాల్లో కచేరీలు. ఒకరోజు జాజ్, ఒకరోజు ఏవో దేశాల డోళ్ళు, నిన్న సంగీతంలో ప్రయోగాలట. మైకులు బిగించేది నేనే. నిన్నటి పెద్దమనిషి ఒక్క వాయిద్యమూ ముట్టుకోలేదు. మేం స్టేజీ కడుతున్నప్పటి చప్పుళ్ళన్నీ మాకు చెప్పకుండా రికార్డు చేసి, వాటినే స్పీకర్లలో వదిలాడు. సుత్తి దెబ్బలు, నిచ్చెన ఈడ్చిన చప్పుడు, ఆ వెంటనే నా గొంతు: "ఆపరేషన్ వద్దంటే మానెయ్! గుడ్డివాడివై కూర్చో! నన్ను మాత్రం పిలవకు!"

పోయిన ఆదివారం స్టేజీ మీద నిలబడి ఫోన్లో నీ మీద అరిచిన మాటలే. తిప్పి తిప్పి వేశాడు. నాలుగు వందల మంది చప్పట్లు కొట్టారు.

బయటికొచ్చాక వాడి కాలర్ పట్టుకున్నాను.

"ఎవణ్ణడిగి వేశావురా?"

"ఎంత నిజమైన కోపం, తమ్ముడూ!" అని మెచ్చుకున్నాడు.

కోపమా అది! నీ చూపు పోతుందని భయం నాన్నా. నా గొంతులో అది పిసరంత కూడా లేదు. నాకే వినబడనిది నీకెలా వినబడుతుంది?

ఈ ఆదివారంతో కచేరీలు అయిపోతాయి. సోమవారం పొద్దున్న దిగుతాను. డాక్టరు దగ్గర మంగళవారానికి పేరు రాయించు. కంటి చుక్కలు ఉన్నాయా? సూది కనబడక వేళ్ళు పొడుచుకుంటున్నావట, కుట్టుపని ఆపు. అమ్మకు నమస్కారాలు.

చెల్లీ, ఇది నాన్నకు చదివేటప్పుడు నా అరుపు దగ్గర గొంతు పెంచకు. భయం అన్నచోట మాత్రం రెండుసార్లు చదువు.

నీ కొడుకు